బలిపీఠం మీద ఓటు

పోయిన వారం రూపవతిని మనం గుడిలో నిలువునా నిలబెట్టి వదిలేసి వచ్చాం. ఆమెను కూర్చోబెట్టే ముందు, కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. పాతవాళ్ళు ఈలోగా కాఫీ తాగి రావచ్చు.

టొరంటో నగరంలోని స్కార్‌బరోలో ఫిన్లాండు వాళ్ళ పాత లూథరన్ గుడి ఒకటుంది. వాళ్ళ జనం తగ్గిపోయి ఆరాధన నెలకు ఒక్కసారికి దిగింది కాబట్టి, ప్రతి ఆదివారం పొద్దున మన తెలుగు సంఘం అందులో కూడుకుంటుంది. తాళం చెవులు ఎనభై మూడేళ్ళ హిల్కా దగ్గర ఉంటాయి. ఆవిడ తలుపులు తీసి ఇంటికి పోకుండా, చిట్టచివరి బెంచీలో కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా మన పాటలన్నీ వింటుంది. రూపవతి వారానికి మూడు రోజులు ఆవిడ అపార్టుమెంటుకు వెళ్ళి మంచీ చెడ్డా చూస్తుంది. అది ఆమె ఉద్యోగం. రూపవతి భర్త యెహెజ్కేలు వారమంతా వాన్ అనే పక్క ఊళ్ళోని గోడౌనులో పెట్టెలు లెక్కపెడతాడు, ఆదివారం పాటలు పాడిస్తాడు.

వీళ్ళకు ఒక్కతే కూతురు, ఫెయిత్. చిన్నప్పుడు ఈ గుడి మెట్ల మీదే హిల్కా దగ్గర ఫిన్నిష్ అక్షరాలు నేర్చుకుంది. ఆ అక్షరాల పుణ్యమా అని చదువుకు ఫిన్లాండు వెళ్ళి, అక్కడే ఉద్యోగం వెతుక్కుని, ఆ దేశపు పౌరురాలై, ఇప్పుడు ఏకంగా అక్కడి పార్లమెంటుకే నిలబడింది. ఆ ఎన్నికల్లో బొమ్మ గుర్తులుండవు. ప్రతి అభ్యర్థికీ ఒక నంబరుంటుంది. ఓటరు చీటీ మీద అచ్చేసిన గుండ్రటి గీతలో ఆ నంబరు రాస్తే అదే ఓటు. ఫెయిత్ నంబరు నూట నలభై మూడు. ఆ అంకె మన సంఘంలో పసిపిల్లలకు కూడా నోటికి వచ్చు, ఎందుకంటే రూపవతి ఎవరినీ మర్చిపోనివ్వలేదు.

హిల్కాకు ఇప్పటికీ అక్కడ ఓటుంది, అదీ ఫెయిత్ నిలబడ్డ జిల్లాలోనే. టపాలో పంపాలి. ఓటు చీటీని చిన్న కవర్లో పెట్టి అంటించి, దాంతోపాటు వెళ్ళే కాగితం మీద ఇద్దరు సాక్షుల సంతకాలు ఆరాధన అయ్యాక తీసుకుందామని, అప్పటిదాకా భద్రంగా ఉంటుందని ఆ కవరును బలిపీఠం మీద పెట్టింది. వాళ్ళ పద్ధతిలో బలిపీఠం మీది వస్తువును ఎవరూ ముట్టుకోరు. మన పద్ధతిలో బలిపీఠం మీద కవరు కనిపిస్తే అది విన్నపం, విప్పి చదవకపోతే పెట్టినవాళ్ళు నొచ్చుకుంటారు. యెహెజ్కేలు విప్పాడు. లోపల చీటీ, చీటీలో గుండ్రటి గీత, గీతలో నూట నలభై ఆరు.

పుట్టినరోజుకో పెళ్ళిరోజుకో తమకిష్టమైన కీర్తన నంబరును చీటీ మీద రాసి కవర్లో పెట్టడం మన సంఘంలో ముప్పై ఏళ్ళ అలవాటు. "పేరు చెప్పని సహోదరి కోరిక మీద నూట నలభై ఆరో కీర్తన" అని యెహెజ్కేలు మైకులో ప్రకటించాడు. రాగం సరిగ్గా ఎవరికీ రాకపోయినా సంఘమంతా లేచి నాలుగు చరణాలూ పాడింది. మూడో చరణంలో హిల్కా కర్ర పొడుచుకుంటూ బెంచీల మధ్య నుంచి ముందుకొచ్చి, యెహెజ్కేలు చేతిలోని చీటీని చూపించి, "అది నా ఓటు" అంది. ముందు వరసలో ఉన్న రూపవతికి ఆ మాటా వినిపించింది, ఆ అంకే కనిపించింది. మనం వదిలేసింది అక్కడే.

ఇక కిందికి, గుడి బేస్‌మెంటులో ఉన్న వంటగదిలోకి పోదాం.

ఎంత ఉపద్రవం వచ్చినా హిల్కా ముందు కాఫీ పెడుతుంది. కాఫీ పెట్టకుండా ఆవిడ కోపం కూడా తెచ్చుకోదు. మిషనులో నీళ్ళు పోసి, పొడి వేసి, మీట నొక్కి, అప్పుడు వచ్చి కుర్చీలో కూర్చుంది. చినిగిన కవరూ చీటీ బల్ల మీద పెట్టింది. సాక్షి సంతకం పెట్టాల్సిన దమయంతి వాకిట్లోంచి తొంగి చూసి, గాలి బాగోలేదని గ్రహించి, పులిహోర గిన్నెతో సహా మాయమైపోయింది.

"సారీ ఆంటీ, వెరీ వెరీ సారీ," అన్నాడు యెహెజ్కేలు పదోసారి. "ఐ థాట్ సాంగ్, ఆంటీ. ఓన్లీ సాంగ్."

"పదిసార్లు చెప్పావు. విన్నాను," అంది హిల్కా. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. మనం మన మాటల్లోనే చెప్పుకుందాం. "తప్పు నాది కూడా. మీవాళ్ళు కవర్లు విప్పడం ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాను. అయినా అక్కడే పెట్టాను. ముసలి బుర్ర."

అలా ఆవిడ తప్పు పంచుకుంటే యెహెజ్కేలుకు ప్రాణం లేచి వచ్చింది. రూపవతికి రాలేదు. మొగుడు చేసిన ఘనకార్యానికి సిగ్గుగా ఉన్న మాట నిజమే గానీ, ఆమె లోపల కుతకుతలాడుతున్నది వేరు. నూట నలభై మూడు ఉండాల్సిన చోట నూట నలభై ఆరు ఎందుకుంది? ఓటు రహస్యం అడగకూడదు. పాతికేళ్ళకు పైగా కెనడాలో ఉండి ఆమాత్రం తెలియకపోలేదు. కానీ చూసినదాన్ని చూడలేదనుకోవడం చేతనైన మనిషి కాదు రూపవతి. ఆమెది బాపట్ల.

"చేతి వణుకు వల్ల అయ్యుంటుందాంటీ," అంది, ఎంతో మెత్తగా. "మూడు రాయబోతే ఆరు పడిందేమో."

"వణుకు ఉంది. కానీ పొరపాటు లేదు," అంది హిల్కా.

"నేనడగకూడదనుకోండి. అది మీ సీక్రెట్టు..."

"ఆ సీక్రెట్టును నీ మొగుడు మైకులో చెప్పాడు. సంఘమంతా నాలుగు చరణాలు పాడింది. ఇంకా దాచడానికేముంది, అడుగు."

అడగమంటే రూపవతికి ఉన్న మెత్తదనమంతా ఊడిపోయింది. "మాటిచ్చారుగదాంటీ మీరు! మా ఫెయిత్‌కే వేస్తానని ఇదే కుర్చీలో కూర్చుని చెప్పారు. నేను అందరికీ చెప్పుకున్నా. మా అమ్మాయికి అక్షరాలు దిద్దించినావిడ, అమ్మమ్మ లెక్క అని చెప్పుకున్నా. చివరికి వేరే పార్టీకి వేస్తారా? అదేదో ముందే చెప్తే నేనేమన్నా మీ కాఫీలో ఉప్పేసేదాన్నా?"

"వేరే పార్టీ కాదు," అంది హిల్కా.

"మరి?"

"మా దేశంలో ఒక పార్టీ వాళ్ళకు వరస నంబర్లు ఇస్తారు. నీ కూతురి పార్టీకి నూట ముప్పై ఐదు నుంచి నూట యాభై మూడు దాకా. నూట నలభై ఆరు కూడా అందులోవాడే. నీ కూతురి తరవాత మూడోవాడు."

యెహెజ్కేలు రెండు చేతులూ పైకెత్తాడు. "హల్లెలూయ! మనవాడేనంటే! ఇంకేంటే రూపా, మన పార్టీకే పడిందిగా. నేనేదో కొంప ముంచాననుకున్నా."

రూపవతి గుండె కూడా కాసేపు చల్లబడింది. నిజమే గదా, మనవాడే. అయితే హిల్కా ముఖంలో మాత్రం ఆ చల్లదనమేమీ కనిపించలేదు. చక్కెర బిళ్ళల డబ్బా లాక్కుని మూత తీసింది. బళ్ళో పిల్లలకు చెప్పినట్టు బల్ల మీద పేర్చడం మొదలుపెట్టింది.

"ఇవి నీ కూతురికి పడ్డ ఓట్లు. ఇవి నూట నలభై ఆరుకు పడ్డవి. ఇవి వాళ్ళ పార్టీలో మిగతావాళ్ళవి. ముందు వీటన్నిటినీ ఒకే కుప్ప చేస్తాం." చేసింది. "ఎవరి కుప్ప ఎంత పెద్దదో దాన్ని బట్టి పార్టీకి అన్ని సీట్లు. నూటికి పది మంది ఓటేస్తే సీట్లలోనూ దాదాపు పదో వంతు. మీ కెనడాలోలాగా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడు మొత్తం పట్టుకుపోవడం, మిగతావాళ్ళ ఓట్లన్నీ చెత్తబుట్టలో పడటం ఉండదు. అర్థమైందా?"

"అయింది," అంది రూపవతి. సగం అయింది.

"కుప్పకు ఎన్ని సీట్లో తేలాక, ఆ సీట్లో ఎవరు కూర్చోవాలన్నది ఇంకో లెక్క. కుప్ప లోపల ఎవరి పేరు మీద ఎక్కువ ఓట్లుంటే వాళ్ళు ముందు."

"ఆఁ."

"వాళ్ళది చిన్న పార్టీ. మా జిల్లాలో వస్తే గిస్తే ఒక్క సీటు. ఆ ఒక్క కుర్చీకి ఇద్దరు దగ్గర దగ్గరగా ఉన్నారు. ఒకరు నూట నలభై మూడు. ఇంకొకరు నూట నలభై ఆరు."

వంటగదిలో కాఫీ మిషను బుడబుడమంటోంది. రూపవతి ఆ చక్కెర కుప్పను చూస్తూ ఉండిపోయింది. తన చిన్నతనంలో బాపట్లలో ఎన్నికలంటే చాలా తేలిక. మనవాడొకడు, అవతలివాడొకడు. మనవాడికి వేస్తే మనకు, వాడికి వేస్తే వాడికి. కెనడా వచ్చాకా అంతే, కాకపోతే జీపులూ మైకులూ లేవు. ఇదేమిటి మరి? హిల్కా ఓటు వల్ల ఫెయిత్ పార్టీ కుప్ప పెరిగింది. కుప్ప పెరిగితేనే ఆ ఒక్క సీటైనా వస్తుంది. అంటే ఆవిడ ఫెయిత్‌కు మేలు చేసినట్టు. సీటు వచ్చాక అదే ఓటు ఫెయిత్‌ను పక్కకు నెడుతుంది. అంటే కీడు చేసినట్టు. ఒకే ఓటు, ఒకే చీటీ. కృతజ్ఞతలు చెప్పాలా, నాలుగు దులపాలా? రెంటికీ నోరు సిద్ధంగా ఉంది గానీ ఏది ముందో తేలలేదు.

"రెండువేల ఏడులో మన ఒంటారియో రాష్ట్రంలో కూడా ఇలాంటిదేదో పెడతాం, ఓటెయ్యండని అడిగారు గుర్తుందా?" అన్నాడు యెహెజ్కేలు. "మనం వద్దని వేశాం."

"ఎందుకు వేశాం?"

"అర్థం కాలేదు గదే."

"ఇప్పుడైందా?"

"ఇంకా లేదు," అన్నాడాయన నిజాయితీగా, ఒక చక్కెర బిళ్ళ తీసి నోట్లో వేసుకుంటూ. అది ఎవరి ఓటో చూసుకోలేదు.

రూపవతి కుర్చీ లాక్కుని హిల్కాకు ఎదురుగా కూర్చుంది. "సరే ఆంటీ. లెక్క మీరు చెప్పారు, నాకెక్కినంత ఎక్కింది. కానీ మీకు ఈ లెక్కంతా తెలిసే గదా ఆ నంబరు రాశారు. ఆ ఓటు మా అమ్మాయి కుర్చీ లాగేస్తుందని తెలిసే రాశారు. అంత కావాల్సినవాడా ఆ నూట నలభై ఆరు? ఎవరాయన?"

"నీకు తెలుసు. ఫోటోల్లో చూశావు. ఎస్కో హాల్మె."

చూడకేం. బజారు మధ్య డేరా వేసి, వచ్చేపోయేవాళ్ళకు వేడివేడి బఠానీ సూపు పోసి ఓట్లడగడం ఆ దేశపు అలవాటట. ఫెయిత్ పంపిన ప్రతి ఫోటోలోనూ డేరా పక్కన గరిటె పట్టుకుని ఒక పొడవాటి, బట్టతల పెద్దమనిషి ఉంటాడు. ఫెయిత్‌ను పార్టీలోకి పిలిచిందీ, నిలబడమని బలవంతపెట్టిందీ ఆయనే. "ఆయన మంచోడే గదా," అంది రూపవతి, మరింత తికమకపడుతూ. "మా అమ్మాయికి గురువు లెక్క. మీకెట్లా తెలుసు?"

హిల్కా లేచి కాఫీ తెచ్చుకోబోయింది. కాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చుంది.

"నా కొడుకు," అంది.

యెహెజ్కేలు నోట్లో చక్కెర బిళ్ళ నమలడం ఆగిపోయింది.

హిల్కాకు పిల్లలు లేరు. ఇది స్కార్‌బరోలో అందరికీ తెలిసిన సంగతి. పోయినేడు నడుం దగ్గర ఆపరేషను జరిగినప్పుడు ఆస్పత్రి ఫారం నింపింది రూపవతే. దగ్గరి బంధువులు అన్న గడిలో "ఎవరూ లేరు" అని తన చేత్తోనే రాసింది. హిల్కా పక్కనే ఉండి ఆ మాట చెప్పింది, సంతకం కూడా పెట్టింది.

"నాకు ఇరవై ఏడేళ్ళు," అంది హిల్కా. "వాడికి నాలుగు. మొగుడితో పడలేదు. కెనడాలో పనుందని ఒక స్నేహితురాలు రాసింది. ఒక్క ఏడాది సంపాదించి, వచ్చి వాణ్ణి తీసుకుపోదామనుకున్నాను. వాణ్ణి అత్తగారి దగ్గర వదిలాను. పడుకుని ఉన్నప్పుడు వెళ్ళాను, లేస్తే ఏడుస్తాడని. అది నేను చేసిన తప్పు. ఏడ్చినా సరే, చెప్పి వెళ్ళాల్సింది."

హిల్కా చీటీని తన ముందుకు లాక్కుంది.

"ఉత్తరాలు రాశాను. పుట్టినరోజుకు ఒకటి, క్రిస్మసుకు ఒకటి. అన్నీ తిరిగొచ్చాయి. ఏడాదికి అని వచ్చినదాన్ని, రెండేళ్ళు చూసి నేనే ఫిన్లాండు వెళ్ళాను. అత్తగారు తలుపు తియ్యలేదు. మళ్ళీ ఇక్కడికే వచ్చి ఉత్తరాలు మాత్రం మానలేదు. వాడికి పద్దెనిమిది నిండిన రోజున ఆఖరిది రాశాను. అదీ తిరిగొచ్చింది. పెద్దవాడయ్యాడు, వాడే వద్దనుకున్నాడు, కోపం న్యాయమే అనుకున్నాను. ఇక రాయలేదు. ఫెయిత్ పంపిన కరపత్రంలో పేరు చూశాను, మొహం చూశాను. అచ్చం వాళ్ళ నాన్న."

రూపవతికి కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. చిత్రమేమిటంటే కోపం కూడా పోలేదు. రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా పక్కపక్కనే కూర్చున్నాయి. తన బిడ్డ కుర్చీ పోతుందన్న బాధ ఎంత నిజమో, ఎదురుగా ఉన్న ముసలి తల్లి బాధ అంత నిజం. ఏ బాధ పక్షాన నిలబడాలో ఆమెకు ఎవరూ ఏ పుస్తకంలోనూ చెప్పలేదు.

"నేను మాట తప్పాలనుకోలేదు రూపా," అంది హిల్కా. "పాత వార్తాపత్రిక మీద నూట నలభై మూడు అని పదిసార్లు రాసి చూసుకున్నాను. అసలు చీటీ మీద పెన్ను పెట్టేసరికి ఇది రాశాను. ఎందుకో చెప్తాను, నవ్వకు. నేను పంపినవన్నీ వాడి గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చాయి. ఓటు మీద పంపినవాళ్ళ పేరుండదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో వాడికి తెలియదు. కాబట్టి వెనక్కి పంపలేడు."

నవ్వడానికి ఆ గదిలో ఎవరికీ ఓపిక లేదు. యెహెజ్కేలు ముక్కు చీదుకుని, చినిగిన కవరును వెలుగుకేసి పట్టుకుని చూశాడు. "దీన్ని టేపుతో అంటిస్తే?"

"చించి అంటించిన ఓటును లెక్కపెట్టరు. కొత్త కాగితాలు తెప్పించుకునే టైము లేదు," అంది హిల్కా. "ఒక్కటే దారి. ఒట్టావాలో మా ఎంబసీలో ముందస్తు ఓటింగు బుధవారం మొదలై శనివారంతో అయిపోతుంది. మనిషి స్వయంగా వెళ్ళాలి. నేను బస్సులో పోలేను. ఈ కాళ్ళతో అంతసేపు కూర్చోలేను, దిగి దిగి పోవాలి. పోనీలే. ఎనభై మూడేళ్ళొచ్చాయి, ఒక ఓటు తగ్గితే ఫిన్లాండు మునిగిపోదు."

పోనీలే అన్నప్పుడు ఆవిడ చీటీ మీంచి చెయ్యి తియ్యలేదు. అది రూపవతి చూసింది.

"నాకీ వారం సెలవు దొరకదు," అన్నాడు యెహెజ్కేలు నెమ్మదిగా. "గోడౌన్లో స్టాక్ లెక్క. నువ్వు తప్ప డ్రైవ్ చేసేవాళ్ళు లేరే. బుధవారం నీ డ్యూటీ కూడా ఆంటీ దగ్గరే గదా."

"నాలుగున్నర గంటలండీ పోవడానికే."

"తప్పు మనది."

"తప్పు మనది కాదు, మీది," అని కసిరింది గానీ, మాటలో పస లేదని ఆమెకే తెలుసు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. తీసుకెళ్తే, స్వయానా తన చేతులతో కారు నడిపి కన్నకూతురికి వ్యతిరేకంగా ఓటు వేయించిన తల్లి అవుతుంది. తీసుకెళ్ళకపోతే, తన కూతురికి పడదని తెలిసి మొగుడు కవరు చింపాడు, పెళ్ళాం ఊరుకుంది అని రేపు ఎవరైనా అంటే కాదనడానికి నోరుండదు. ఎవరూ అనకపోయినా తనకు తెలుసు. ఇంతకీ అది ఫెయిత్‌కు వ్యతిరేకమైన ఓటా, అనుకూలమైన ఓటా అన్నది మాత్రం ఇంకా తేలనే లేదు. చక్కెర కుప్ప ఏమీ చెప్పకుండా బల్ల మీద కూర్చుని ఉంది.

అప్పుడు ఫోను మోగింది. ఫెయిత్.

ఆదివారం గుడి అయ్యే వేళకు వీడియో చెయ్యడం ఆ పిల్లకు అలవాటు. రూపవతి కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఫోనును కాఫీ పొడి డబ్బాకు ఆనించింది. పక్క కుర్చీలోకి వచ్చి కూర్చున్న హిల్కా, తెరలో పడకుండా కాస్త వెనక్కి జరిగింది. యెహెజ్కేలు గోడకు అంటుకుపోయాడు.

"అమ్మా! డిడ్ యూ గైస్ ఈట్? ఎందుకలా ఉన్నావ్? ఆర్ యూ క్రయింగ్?"

"ఉల్లిపాయలు కోస్తున్నానమ్మా."

"ఇన్ చర్చ్? ఓకే." ఫెయిత్ వెనక ఏదో ఆఫీసు, గోడల నిండా పోస్టర్లు, కుర్చీల మీద కోట్ల గుట్ట. పొద్దున్నుంచీ డేరా దగ్గర అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. "అమ్మా, లిజన్. మా పార్టీ వాళ్ళు ఒక ఎస్టిమేట్ వేశారు. పార్టీకి వన్ సీట్ ఆల్మోస్ట్ ష్యూర్. బట్ మీ అండ్ ఎస్కో, వీ ఆర్ సో క్లోజ్. ఇట్ కుడ్ బీ ఫైవ్ ఓట్స్, అమ్మా. ఐదు! ముమ్మో వేసేసిందా? ప్లీజ్ టెల్ మీ షి మెయిల్డ్ ఇట్."

ముమ్మో అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. హిల్కా తల దించుకుంది.

"ఇంకా లేదమ్మా," అంది రూపవతి. అబద్ధం కాదు గనక ఆ మాట కాస్త సులువుగా వచ్చింది. "ఆ ఎస్కో గారు... ఆయనకు కోపంగా ఉందా నీ మీద? మీరిద్దరూ ఒకే కుర్చీకి గదా."

ఫెయిత్ నవ్వింది. "కోపమా? అమ్మా, హీ ఈజ్ ద నైసెస్ట్ మ్యాన్. ఆయనకు ఎవరూ లేరు, యూ నో. నో వైఫ్, నో కిడ్స్. ఐ థింక్ ఐ యామ్ లైక్ హిస్ కిడ్. ఆగు, హియర్ హీ ఈజ్. నీ గోంగూర పచ్చడికి థ్యాంక్స్ చెప్తానంటున్నాడు."

రూపవతి "వద్దమ్మా, ఇప్పుడొద్దు" అనేలోపు తెర ఊగింది. ఊగడం ఆగేసరికి ఫోటోల్లోని పొడవాటి మనిషి ఎదురుగా ఉన్నాడు. అరవయ్యేళ్ళుంటాయి. బట్టతల మీద ఉన్ని టోపీ. చేతులెత్తి నమస్కారం పెట్టాడు; ఫెయిత్ నేర్పి ఉంటుంది.

రూపవతి పక్కకు చూడలేదు. చూడాల్సిన పని లేదు. హిల్కా కుర్చీ కిర్రుమనడం ఆమెకు వినిపించింది.

ఆయన ఇంగ్లీషు కూడా హిల్కా ఇంగ్లీషులాగే ఉంది, అదే యాస, అదే నిదానం. పచ్చడి చాలా కారంగా ఉందనీ, అయినా సీసా ఖాళీ చేశాననీ చెప్పాడు. ఫెయిత్ లాంటి పిల్లను కన్నందుకు మీరు అదృష్టవంతులన్నాడు. తాను ఓడినా ఆమె గెలిస్తే సంతోషమే అన్నాడు. ఆ తరువాత కాసేపు టోపీ తీసి చేతిలో తిప్పాడు.

"మేడం, మిమ్మల్ని ఒక సాయం అడగవచ్చా? మీరు కూడుకునేది స్కార్‌బరోలోని మా ఫిన్నిష్ గుడిలోనేనని ఫెయిత్ ఈ మధ్యే చెప్పింది. అది విన్నప్పటి నుంచీ అడుగుదామని, అడగలేక ఊరుకున్నాను."

"చెప్పండి సార్," అంది రూపవతి.

"మా అమ్మ పని కోసం టొరంటో వచ్చింది. వచ్చిన ఏడాదికే జబ్బు చేసి చనిపోయిందని మా నాయనమ్మ చెప్పింది. అంత్యక్రియలు ఆ గుడి వాళ్ళే చేశారట. నాకప్పుడు ఐదేళ్ళు. ఆమె నాకు ఒక్క ఉత్తరం రాసి ఉన్నా దాచుకునేవాణ్ణి, పాపం అంత వ్యవధి కూడా దొరకలేదు." ఆయన టోపీ అంచు సరిచేశాడు. "ఈ ఎన్నికలు అయిపోగానే, గెలిచినా ఓడినా, నేను అక్కడికి వస్తున్నాను. టికెట్టు కొన్నాను. ఈలోగా మా అమ్మ సమాధి ఎక్కడుందో మీరు కాస్త కనుక్కుని చెబుతారా?"

బల్ల కింద నుంచి ఒక చెయ్యి వచ్చి రూపవతి మణికట్టును పట్టుకుంది. ఎనభై మూడేళ్ళ చెయ్యి అంత గట్టిగా పట్టుకోగలదని ఆమెకు తెలియదు. చెప్పమని పట్టుకుందో, చెప్పొద్దని పట్టుకుందో కూడా తెలియలేదు. తెరలో ఎస్కో టోపీ చేత్తో పట్టుకుని జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.